సముద్రం లేని ఊళ్ళో సముద్రపు కావలి

పిల్లలూ, ఈ నెల ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. హిందూ మహాసముద్రంలో సునామీ అల పుట్టిందా లేదా అని రాత్రింబవళ్ళు కనిపెట్టి ఉండే కావలివాళ్ళు మన దేశంలో ఒక ఊళ్ళో ఉన్నారు. ఆ ఊరు ఏది?

"విశాఖపట్నం" అంటారు కొందరు. "చెన్నై" అంటారు మరికొందరు. లెక్క తెలిసిన వాళ్ళమనుకునేవారు "ముంబాయి" అంటారు. మూడూ కావు. ఆ ఊరు మన హైదరాబాదే! నగరానికి వాయవ్యంగా ప్రగతినగర్ అనే చోట భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉన్నది. దాన్ని పొట్టిగా ఇన్‌కాయిస్ అంటారు. కావలివాళ్ళు ఉండేది అందులోనే.

ఇదేమి వింత? మన మలక్‌పేటలో ఎంత ఎత్తయిన మేడ ఎక్కి చూసినా సముద్రం కనిపించదు. ఆగ్నేయంగా బందరు దాకా పోతే ఉప్పునీరు తగులుతుంది. అది 300 కిలోమీటర్ల పైమాటే. మరి సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రాన్ని ఎట్లా కాస్తారు?

కాయటానికి సముద్రం కనిపించనక్కరలేదు, పిల్లలూ. సముద్రపు కబురు అందితే చాలు. ఒడ్డున నిలబడినవాడికి అల కనిపించేసరికి పరుగెత్తే వ్యవధి కూడా ఉండదు. అల ఇంకా నడిసముద్రంలో ఉండగానే దాని సంగతి తెలియాలి. అట్లా తెలియాలంటే ఎందరో ఎన్నో చోట్ల కొలతలు తీసి, దాచుకోకుండా ఒకరికొకరు చెప్పుకోవాలి. ఈ నెల మనం నేర్చుకోవలసింది ఈ ఒక్క సంగతే. దీన్ని అర్థం చేసుకునేందుకు ముందు మన మూసీనది దగ్గరికి పోదాం.

ఎగువవారికి తెలిసింది, దిగువవారికి తెలియలేదు

1908వ సంవత్సరం సెప్టెంబరు 28న మూసీకి మహా వరద వచ్చింది. ఎగువన కుండపోతగా వాన కురిసింది. ఆ రోజుల్లో మూసీలో నీరు చేరే ప్రాంతమంతటా వందలకొద్దీ చెరువులు ఉండేవి. పైచెరువు కట్ట తెగితే ఆ నీరు వచ్చి కిందిచెరువు మీద పడుతుంది. అది తెగి ఇంకా కిందిదాని మీద పడుతుంది. ఆ విధంగా రెండు వందలకు పైగా చెరువులు తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా నగరం మీదికి వచ్చింది. మన మలక్‌పేటకు దగ్గరిలోని చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయింది. దాదాపు 15,000 మంది చనిపోయారంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది.

ఇక్కడ కాస్త ఆలోచించండి. వాన పడుతున్న సంగతి ఎగువ ఊళ్ళవారికి తెలుసు. చెరువు తెగిన సంగతి ఆ చెరువు కింది రైతులకు తెలుసు. తెలియనిది ఎవరికి? నది ఒడ్డున నిద్రపోతున్న నగరానికి. ఎగువన నలుగురికి తెలిసినది దిగువ నలుగురికి చేరే దారి లేదు. తెలియటం వేరు, తెలియజెయ్యటం వేరు. మొదటిది ఉండి రెండవది లేకపోతే మొదటిది ఉన్నా లేనట్టే.

మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన ఎక్కడ ఎంత వాన పడిందో, ఏ చెరువులు తెగినవో లెక్కలన్నీ ఒకచోట చేర్చి చూసి, ఎగువన రెండు జలాశయాలు కట్టాలని చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి.

ఇప్పుడు ఆ జలాశయాల గేట్లు ఎత్తే ముందు దిగువవారికి కబురు వస్తుంది. 2022 జూలైలో అట్లాగే గేట్లు ఎత్తారు. మూసీ పొంగి ముసారాంబాగ్ వంతెన మీదికి వచ్చింది. పోలీసులు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఒడ్డున పల్లంలో ఉన్న ఇళ్ళవారిని ఖాళీ చేయించారు. మీలో కొందరు ఆ రోజున బడికి చుట్టు తిరిగి పోయి విసుక్కునే ఉంటారు. ఆ విసుగు మంచిదే. 1908లో అట్లా విసుక్కునే అవకాశం ఎవరికీ దొరకలేదు.

నీటి కంటే ముందు నేల చెప్పింది

నది సంగతి ఇంతే సులువు. ఎగువ, దిగువ ఒకే రాజ్యంలో ఉన్నాయి. సముద్రం అట్లా కాదు. ఒక దేశం దగ్గర లేచిన అల ఇంకో దేశం మీద పడుతుంది.

1946 ఏప్రిల్‌లో ఉత్తర పసిఫిక్‌లో అల్యూషియన్ దీవుల దగ్గర సముద్రం కింద భూకంపం వచ్చింది. కొద్ది గంటలలో అల హవాయి దీవులకు చేరి 150 మందికి పైగా ప్రాణాలు తీసింది. దానితో అమెరికావారు 1949లో హవాయిలో ఒక హెచ్చరికల కేంద్రం పెట్టారు. 1960 మే నెలలో దక్షిణ అమెరికాలోని చిలీలో మహా భూకంపం వచ్చింది. కొలతలు మొదలైన తరువాత ప్రపంచంలో ఇంతవరకు వచ్చిన భూకంపాలన్నిటిలోకి అదే పెద్దది. దాని అల పసిఫిక్ మహాసముద్రమంతా దాటి, దాదాపు ఒక పగలూ రాత్రీ ప్రయాణించి, జపాను మీద పడి నూరుమందికి పైగా పొట్టనపెట్టుకున్నది. అంత వ్యవధి ఉండి కూడా వారిని కాపాడలేకపోయారు. ఒక దేశం పెట్టుకున్న కావలి చాలదని అందరికీ అర్థమయింది. 1965లో పసిఫిక్ చుట్టూ ఉన్న దేశాలు ఐక్యరాజ్య సమితికి చెందిన యునెస్కో సంస్థ ఆధ్వర్యాన ఒక్కటిగా చేరి, తమ కొలతలు కలిపి చూసుకునే ఏర్పాటు చేసుకున్నవి.

మరి మన హిందూ మహాసముద్రం? ఇక్కడ సునామీలు చాలా అరుదు. అందుచేత అటువంటి ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు.

2004 డిసెంబరు 26, ఆదివారం. మన గడియారాల ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు ఇండోనేషియాలోని సుమత్రా దీవి దగ్గర సముద్రపు అడుగున భూమి విరిగింది. ఆ అదురు నేలలోంచి సుమారు ఐదు నిమిషాలలో హైదరాబాదు చేరింది. భూకంపలేఖిని అనే యంత్రాలు దేశమంతటా దాన్ని గీసి చూపించాయి. కాని నీటి అల అంత తొందరగా రాదు. లోతైన సముద్రంలో అది విమానమంత వేగంగా, అంటే గంటకు 700, 800 కిలోమీటర్ల చొప్పున పోతుంది. అయినా మన తూర్పు తీరానికి రావటానికి రెండున్నర గంటలు పట్టింది.

కబురు ఐదు నిమిషాలకు వచ్చింది. నీరు రెండున్నర గంటలకు వచ్చింది. మధ్య ఉన్న వ్యవధిలో ఒడ్డు విడిచి ఒక కిలోమీటరు లోపలికి నడిచి పోవచ్చు. ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకుపోవచ్చు. కాని భూకంపం వచ్చిందని తెలిసినవారికి అల లేచిందో లేదో తెలియదు. నడిసముద్రంలో నీటిని కొలిచే సాధనం ఒక్కటీ లేదు. తీరానికి కబురు పంపే దారీ లేదు. ఆదివారం ఉదయం వలలు సర్దుకుంటున్న జాలరులూ, ఇసుకలో ఆడుకుంటున్న పిల్లలూ ఏమీ ఎరుగరు. అన్ని దేశాలలో కలిసి రెండు లక్షల ఇరవై వేలమందికి పైగా చనిపోయారు. మన దేశంలో పదివేలకు పైగా. ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా.

ఇది మూసీ కథే, పిల్లలూ. 96 ఏళ్ళ తరువాత, సముద్రమంత పెద్దదై తిరిగి వచ్చింది.

పలువురు కలిస్తే ఒక కావలి

ఆ తరువాత మనవాళ్ళు ఊరుకోలేదు. మూడేళ్ళు తిరగకుండా, 2007 అక్టోబరులో, హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలయింది. దీన్ని ఒక సంస్థ ఒక్కతే చెయ్యలేదు. ఎవరెవరు ఏమేమి తెచ్చారో చూడండి.

నేల అదురులను కొలిచే యంత్రాల కబురు వాతావరణ శాఖ ఇచ్చింది. తరువాత ఆ పనికి ఢిల్లీలో జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం ప్రత్యేకంగా ఏర్పడింది. సముద్రం అడుగున పెట్టే నీటి బరువు సాధనాలను చెన్నైలోని జాతీయ మహాసముద్ర సాంకేతిక సంస్థ అమర్చింది. రేవులలో నీటి మట్టం కొలిచే సాధనాలు సర్వే ఆఫ్ ఇండియావి. నడిసముద్రం నుంచి కబురు మోసుకువచ్చే ఉపగ్రహాలు ఇస్రోవి. ఇతర దేశాల యంత్రాల కొలతలు కూడా నిమిషాల మీద ఇక్కడికి వచ్చి చేరతాయి. ఇక్కడివి వారికీ పోతాయి.

నీటి బరువు సాధనం అంటే ఏమిటో చెపుతాను. సముద్రపు అడుగున, మూడు నాలుగు కిలోమీటర్ల లోతున, ఒక పెట్టె ఉంటుంది. దాని పైన ఉన్న నీటి బరువును అది ఎప్పుడూ తూస్తూ ఉంటుంది. సునామీ అల పైనుంచి పోతే నీరు కాస్త ఎక్కువ అవుతుంది, బరువు పెరుగుతుంది. లోతైన చోట ఆ అల చాలా తక్కువ ఎత్తు ఉంటుంది. పడవలో ఉన్నవారికి తెలియనే తెలియదు. పెట్టె మాత్రం ఒక సెంటీమీటరు తేడాను కూడా కనిపెడుతుంది! ఆ సంగతి పైన తేలుతూ ఉండే పీపాకు చెపుతుంది. పీపా ఉపగ్రహానికి చెపుతుంది. ఉపగ్రహం హైదరాబాదుకు చెపుతుంది.

ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా కావలి కుంటుపడుతుంది. భూకంపలేఖిని ఒక్కటే ఉంటే ప్రతి భూకంపానికీ జనాన్ని పరుగెత్తించవలసి వస్తుంది. నాలుగుసార్లు అల రాకపోతే అయిదోసారి ఎవరూ కదలరు. నాన్నా పులి కథ మీకు తెలుసు కదా!

2012 ఏప్రిల్ 11న ఈ కావలికి పెద్ద పరీక్ష వచ్చింది. మళ్ళీ సుమత్రా దగ్గరే, 8.6 తీవ్రతతో భూకంపం. ఎంత భయపడాలి! చెన్నైలో మేడలు ఊగి జనం వీధుల్లోకి వచ్చారు. కాని ఈసారి కొలతలన్నీ కలిపి చూసినవారికి సంగతి తేలింది. 2004లో సముద్రపు అడుగు పైకి లేచి నీటిని ఎత్తింది. 2012లో నేల పలకలు పక్కకు జరిగినవి. మీ పళ్ళెంలో నీళ్ళు పోసి, అడుగున చెయ్యి పైకి ఎత్తి చూడండి. తరువాత చెయ్యి పక్కకు జరిపి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. నీటి మట్టం సాధనాలు కూడా చిన్న అలలే చూపించాయి. మన దేశపు ప్రధాన తీరాన్నంతా ఖాళీ చేయించవలసిన పని పడలేదు. ప్రమాదం ఉంటే ఉన్నదని చెప్పటం ఎంత ముఖ్యమో, లేకపోతే లేదని ధైర్యంగా చెప్పగలగటం కూడా అంతే ముఖ్యం.

2011 నుంచి హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు హెచ్చరికలు పంపే బాధ్యతను భారతదేశం, ఆస్ట్రేలియా, ఇండోనేషియా పంచుకున్నాయి. కబురు ఊరి చివరి గుడిసె దాకా చేరాలి గనక, పల్లెలవారికి కూడా ఎటు పోవాలో, ఎట్లా పోవాలో నేర్పుతున్నారు. 2020లో ఒడిశా తీరంలోని వెంకట్రాయిపూర్, నోలియాసాహి అనే రెండు పల్లెలకు సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళుగా యునెస్కో గుర్తింపు దొరికింది. హిందూ మహాసముద్ర తీరంలో మొదటగా ఆ గుర్తింపు పొందినవి అవే.

ఒకే వేళ, ఒకే కొలత

పంచుకోవటం అనుకున్నంత సులువు కాదు. ఒకరు అడుగులలో, ఒకరు మీటర్లలో కొలిస్తే కలిపేదెట్లా? ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం కొలిస్తే పోల్చేదెట్లా? అందుకే పెద్దలు ముందు కూర్చుని పద్ధతి ఒప్పుకుంటారు. 1853లోనే ఓడల దేశాలు కొన్ని బెల్జియంలోని బ్రస్సెల్స్ నగరంలో చేరి, ఓడలన్నీ గాలినీ నీటినీ ఒకే తీరున కొలిచి రాసుకోవాలని నిర్ణయించాయి. మన దేశంలో వానను ఎక్కడైనా సరే ఉదయం ఎనిమిదిన్నరకే లెక్క కడతారు. కన్యాకుమారిలోనూ అంతే, కాశ్మీరులోనూ అంతే.

ఇప్పుడు ప్రపంచ సముద్రాలలో ఆర్గో అనే సాధనాలు దాదాపు నాలుగువేలు తిరుగుతున్నాయి. ఒక్కొక్కటి ఒక మనిషి ఎత్తు ఉండే గొట్టం. అది రెండు కిలోమీటర్ల లోతుకు మునిగి, పైకి తేలుతూ నీటి వేడినీ, ఉప్పదనాన్నీ కొలిచి, పది రోజులకు ఒకసారి ఉపగ్రహానికి చెపుతుంది. ముప్ఫై దాకా దేశాలు కలిసి వీటిని వేశాయి. ఎవరు వేసినదైనా సరే, దాని కొలత లోకంలో అందరికీ ఉచితం. మన దేశపు ఆర్గో లెక్కలు చూసేది కూడా ఇన్‌కాయిసే.

చిక్కులూ ఉన్నాయి. నడిసముద్రంలో తేలే పీపాల చుట్టూ చేపలు గుమికూడతాయి. వాటికోసం పడవలవారు వచ్చి తాళ్ళు కట్టి లాగటంవల్ల సాధనాలు పాడైపోతుంటాయి. ఆ పీపా తన పిల్లల ప్రాణాలకే కాపలా అని తెలిస్తే ఏ జాలరీ దానిమీద చెయ్యి వెయ్యడు. కనక చెప్పవలసిన పని ఇంకా మిగిలి ఉన్నది.

మీరూ ఒక సంస్థ పెట్టండి

మన తూర్పు హైదరాబాదులో ఇటువంటి పని చేసే సంస్థలు కొన్ని ఉన్నాయి. ఉప్పల్ రోడ్డు మీద 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా, నాగోలు దగ్గర బండ్లగూడలో భూవిజ్ఞాన సర్వే. ఊరంతటా వానను తమంతట తామే కొలిచే యంత్రాలను తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ పెట్టింది. ఆ లెక్కలు ఎవరైనా చూడవచ్చు. 2020 అక్టోబరు 13న కురిసిన మహా వానకు ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా పడిందని ఆ యంత్రాలవల్లనే తెలిసింది.

మీరు కూడా ఈ పని చెయ్యవచ్చు. ఆరుగురు స్నేహితులు చేరండి. ఒకరు మలక్‌పేట, ఒకరు సైదాబాదు, ఒకరు సరూర్‌నగర్, ఒకరు కొత్తపేట, ఒకరు నాగోలు, ఒకరు హయత్‌నగర్ అయితే మరీ మంచిది. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒక్కొక్కటి తీసుకోండి. డబ్బా వెడల్పా, సన్నమా అన్న చింత అక్కరలేదు. గోడలు నిటారుగా ఉంటే ఏ డబ్బాలోనైనా నీటి ఎత్తు ఒక్కటే వస్తుంది. ఎందుకో మీరే ఆలోచించండి. దాన్ని చెట్టుకూ గోడకూ దూరంగా మేడమీద పెట్టండి. గాలికి పడిపోకుండా పక్కన ఇటుకలు పేర్చండి. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలిచి, రాసి, నీరు పారబోయండి.

మూడు నియమాలు మరవవద్దు. ఒకటి: వాన పడకపోతే సున్నా అని రాయాలి. పడలేదన్నది కూడా ఒక కొలతే. రెండు: డబ్బా ఒలికిపోతే సున్నా రాయకూడదు, పక్కింటి లెక్క చూసి ఊహించి రాయకూడదు, "ఒలికింది" అని రాయాలి. తప్పు కొలత ఇచ్చేవాడికంటే కొలత లేదని చెప్పేవాడు ఎంతో మేలు చేసినవాడు. మూడు: వారానికొకసారి ఆరు పుస్తకాలూ ఒకచోట పరిచి, లెక్కలన్నీ ఒకే కాగితం మీద ఎక్కించాలి.

ఆ కాగితం చూసినప్పుడు మీకు ఆశ్చర్యం కలుగుతుంది. మలక్‌పేటలో ఎండ కాసిన రోజున హయత్‌నగర్‌లో వాన దంచి ఉంటుంది. మీ ఒక్కరి డబ్బా మీ మేడ సంగతే చెపుతుంది. ఆరు డబ్బాలు కలిస్తే మబ్బు ఎటునుంచి ఎటు పోయిందో చెపుతాయి. సరూర్‌నగర్ చెరువులోకి ఈ వారం నీరు ఎంత చేరబోతున్నదో ఊహించనిస్తాయి.

వానకాలమంతా ఒక్కరోజు తప్పకుండా రాయండి. రాసినది మీ బడిలో సైన్సు మాస్టారికి చూపించండి. గోడకు అంటించి, వచ్చే పోయేవారందరినీ చదవనివ్వండి. దాచిపెట్టుకున్న లెక్క పెట్టెలో బియ్యం లాంటిది. వండి వడ్డిస్తేనే ఆకలి తీరుతుంది.